నిండు బావి చూసి రాసిన రిపోర్టు

నేను రిటైరయ్యాక కూడా మా ట్రస్టులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మీ సర్వీసులో మీరు ఫండింగ్ ఇప్పించిన వాటిల్లో బెస్ట్ స్టడీ ఏది?" అని అడుగుతారు. ఏదో పెద్ద పేరున్న దాన్ని చెప్తాననుకుంటారు. నేను మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్తాను. నేను వద్దని రాసి వెనక్కి పంపించేసిందే. ముసలావిడకి మతి తప్పిందేమో అనుకుంటారు కాబోలు. అందుకని ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను, చదువుకోండి. తప్పు చేసినందుకు ఇంత సంతోషపడే మనిషిని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

మా ఆఫీసు బెంగుళూరు బెళ్ళందూరులో రింగు రోడ్డు పక్కన, అద్దాల బిల్డింగులో నాలుగో అంతస్తు. పరిశోధనలకి డబ్బిచ్చే ట్రస్టు మాది. కాలేజీల వాళ్ళూ సంస్థల వాళ్ళూ దరఖాస్తులు పెట్టుకుంటారు. అవి చదివి, ఆ ఊళ్ళకి వెళ్ళి చూసి, ఇవ్వొచ్చనో వద్దనో ఒక పేజీ రిపోర్టు రాయడం నా పని. ఇరవై రెండేళ్ళు అదే చేశాను. మా నాన్న గుంటూరు దగ్గర మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. తప్పు లెక్క కనపడితే ఎర్ర గీత కొట్టేదాకా ఆయనకి అన్నం సహించేది కాదు. ఆ గుణం నాకూ వచ్చింది. వద్దని రాయడంలో చెయ్యి తిరిగిపోయింది. ఆఫీసులో నా టేబుల్‌కి పిల్లలు పెట్టిన పేరు చెక్‌పోస్టు.

నా పేజీ బోర్డుకి వెళ్తుంది. బోర్డులో అయిదుగురు పెద్దమనుషులున్నా మాట చెల్లేది చైర్మన్ గారిదే. ఆయనది నెల్లూరు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, పెంచి, అమ్మి, ఆ డబ్బుతో ట్రస్టు పెట్టారు. మంచి మనిషి. కాకపోతే లెక్క చూపించందే దేవుణ్ణి కూడా నమ్మరు.

ఆ దరఖాస్తు పెట్టింది ఇద్దరు. ఒకరు లా కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి, తెనాలి పిల్ల, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటుంది. రెండో ఆయన తాలూకా కోర్టుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి శిరస్తేదారుగా రిటైరైన మనిషి. శిరస్తేదారంటే కోర్టు ఆఫీసుకి పెద్ద గుమాస్తా. కేసు కట్టలన్నీ ఆయన చేతి మీదుగానే జడ్జిగారి బల్ల మీదికి వెళ్తాయి. బావి నీళ్ళలో వంతులూ చెరువు కాలువల మీద హక్కులూ, ఇలాంటి కేసులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి ఎందుకు తేలవు, తేల్చే పద్ధతిలో ఏం మారిస్తే బాగుంటుంది, పాత కట్టలు చదివి చెప్తామన్నారు. అడిగింది పెద్ద మొత్తం కూడా కాదు. నలుగురు లా విద్యార్థులకి ఏడాది జీతం, జిరాక్సులు, బస్సు చార్జీలు.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఊళ్ళకి వెళ్ళి చూడటమంతా నవంబరు నుంచి జనవరి లోపల అయిపోవాలి. ఆ నెలల్లో ఎండ ఉండదు, రోడ్లు బాగుంటాయి, ఫొటోలు పచ్చగా వస్తాయి. ఫిబ్రవరిలో రిపోర్టులు, మార్చిలో బోర్డు మీటింగు. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో తెలీదు, ఎందుకని ఎవరూ అడగలేదు. చెక్‌పోస్టులో కూర్చున్న నేను కూడా అడగలేదు.

అలా క్రిస్మస్‌కి రెండు వారాల ముందు ఆనేకల్ దాటాక ఒక ఊరికి వెళ్ళాను. దరఖాస్తులో ఉదాహరణగా రాసిన బావి అక్కడుంది. లా అమ్మాయి, శిరస్తేదారు గారు ఇద్దరూ నాతో వచ్చారు. బావి ఒక పూల రైతుది. ఆమెది, ఆమె మరిదిది. రెండు రోజులు ఈమె వంతు, రెండు రోజులు అతని వంతు, వాళ్ళ మామగారి కాలం నుంచి అలాగే నడుస్తోంది. ఆమెకి ఇంచుమించు నా వయసే ఉంటుంది. భర్త పోయాడు. కనకాంబరాలు వేసి, తెల్లారేసరికి కోసి మార్కెట్టుకి పంపిస్తుంది. ఇల్లు ఆ పూల మీదే నడవాలి. మరిది పెద్ద మోటారు పెట్టి తన రెండు రోజుల్లోనే బావి ఊడ్చేస్తున్నాడని కోర్టుకి వెళ్ళింది. పదేళ్ళయింది. కేసు నడుస్తూనే ఉంది, ఒకే కంచె పక్కన ఉంటూ వదినా మరిదీ పలకరించుకోవడం మానేశారు.

నేను బావిలోకి తొంగి చూశాను. నాలుగు మెట్లు దిగితే చేతికందేటట్టు నీళ్ళు.

"నీళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా," అన్నాను.

"ఇప్పుడు ఉండాది మేడమ్. బేసిగలో రావల్ల మీరు. ఎండ కొట్టేటప్పుడు వచ్చి చూడల్ల," అందామె.

బేసిగంటే కన్నడంలో ఎండాకాలమని బెంగుళూరులో ఇన్నేళ్ళున్న నాకు తెలీదా? తెలుసు. విన్నాను కూడా. కానీ అప్పటికే వంటింట్లోంచి అనపగింజల పులుసు వాసన వస్తోంది. వేడివేడి రాగిసంకటి ముద్దలో గుంట చేసి, అందులో పులుసు పోసి, పైన నెయ్యి వేసి పెట్టింది. నేను రెండో ముద్ద కూడా అడిగి తిన్నాను. లా అమ్మాయి ఏదో చార్టు చూపించబోతే, "తిన్నాక చూద్దాంలేమ్మా" అన్నాను. తిన్నాక నిద్రొచ్చింది. కారెక్కాను.

మర్నాడు రిపోర్టు రాశాను. "బావిని స్వయంగా చూడటమైనది. నీరు ఇరుపక్షాలకూ సరిపడా ఉన్నది. ఇది కుటుంబ తగాదా వలె కనపడుచున్నది. అధ్యయనం అవసరం లేదు." వద్దన్న వాటికి మార్చి దాకా ఆగేది లేదు, బోర్డు వాళ్ళకి మెయిల్లో పంపితే చాలు. ఎవరూ ఏమీ అడగలేదు, వద్దని ఉత్తరం వెళ్ళిపోయింది. లా అమ్మాయి దగ్గర్నుంచి ఒకే ఒక్క మాట జవాబు వచ్చింది, థాంక్యూ అని. తెనాలి వాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టారంటే ఎంత కోపమొచ్చి ఉండాలో నాకప్పుడే అర్థం కావలసింది.

జనవరి నెలాఖర్లో ఒకరోజు కింద నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మేడమ్, కోర్టు నుంచి ఎవరో వచ్చారు, మీ పేరు మీద కాయితాలు తెచ్చారు," అన్నాడు. నా పక్క సీటు అమ్మాయి లేచి నించుంది. మేమేం పాపం చేశామో ఎవరికీ తట్టలేదు. లిఫ్టులోంచి శిరస్తేదారు గారు దిగారు. ఇస్త్రీ చేసిన తెల్ల ఫుల్ చేతుల చొక్కా, చంకలో గొడుగు, చేతిలో బరువైన గుడ్డ సంచి.

నా ముందు కూర్చుని, కోర్టుల్లో వాడే మందపాటి పచ్చ కాయితాలు మూడు తీసి, రెండు చేతులతో నాకిచ్చారు. పైన రివ్యూ పిటిషన్ అని ఉంది. అర్జీదారులు: తామిద్దరూ. ప్రతివాది: ప్రోగ్రామ్ ఆఫీసర్ మేడమ్ గారు. చివర ఎప్పుడో దాచుకున్న పాత కోర్టు ఫీజు స్టాంపు ఒకటి అంటించి ఉంది. ముప్పై ఏళ్ళు కోర్టులో ఉన్న మనిషికి వద్దన్న మాట ఆఖరి మాట కాదు. దాని మీద ఇంకో అర్జీ ఉంటుంది, అంతే.

అర్జీ ఇంగ్లీషులో ఉంది. నా మనసులో మాత్రం తెలుగులోనే ఉండిపోయింది. "ఒకటి: ప్రతివాది వారు సదరు బావిని డిసెంబరు మాసమున చూచినారు. రెండు: డిసెంబరు మాసమున ప్రతి బావియూ నిండుగానే యుండును. మూడు: కావున ప్రతివాది వారు చూచినది వివాదమును కాదు, వర్షమును."

నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. ఆ వెనకే ఒళ్ళు మండింది.

"ఏమండీ, నేను ఉన్నదే రాశాను కదా. లేనిది రాశానా?" అన్నాను.

"లేదు మేడమ్. ఈయప్ప కూడా ఉండేదే రాసినాడు," అంటూ ఆయన ఇంకో జిరాక్సు కాయితం నా ముందు పెట్టారు.

అది ఆ బావి కేసులో కోర్టు కమిషనర్ రిపోర్టు. కమిషనర్ అంటే కోర్టు తరఫున వెళ్ళి స్థలం చూసి వచ్చే లాయరు. చదివాను. బావిని స్వయంగా చూడటమైనది. నీరు ఇరుపక్షాలకూ సరిపడా ఉన్నది. నా రిపోర్టు పక్కన పెట్టుకుని చూస్తే, ఒకరి పరీక్ష కాయితం ఇంకొకరు కాపీ కొట్టినట్టుంది. నాన్న ఉండి ఉంటే ఇద్దర్నీ బెంచీ ఎక్కించేవారు.

"ఆయన ఏ నెలలో వెళ్ళారు?" అని అడిగాను.

"అదీ అడగవలసిన మాట," అని శిరస్తేదారు గారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "వినండి మేడమ్. బాయిలో నీళ్ళు తగ్గేది ఫిబ్రవరిలో. అప్పుడు ఆయమ్మ కమిషనర్‌ని పంపండప్పా అని అర్జీ ఇస్తాది. అవతలి లాయరు జవాబు చెప్పేదానికి వాయిదా అడుగుతాడు. అది ఆయన హక్కు. మార్చి పోతాది. ఆర్డరు వచ్చేతలికి ఏప్రిల్ నడుస్తా ఉంటాది. దాని వెనకాలే కోర్టుకి ఎండాకాలం సెలవులు. మళ్ళా తలుపు తీసేతలికి వాన. కమిషనర్ గొడుగు పట్టుకొని పోతాడు. బాయి నిండుగా ఉండాది అని రాస్తాడు. మళ్ళా ఏడాది ఆయమ్మ ఇంకో అర్జీ ఇస్తాది."

"అయితే ఎవరి తప్పూ లేదంటారు."

"నాది ఉండాది," అన్నారాయన. "ఆ వాయిదాలన్నీ నా చేత్తోనే రాసినాను. ముప్పై ఏళ్ళు తేదీ చూసినాను గానీ నెల చూడలేదు."

సంచిలోంచి డైరీలు తీసి బల్ల మీద పేర్చారు. కొత్త సంవత్సరానికి లాయర్లు కోర్టు వాళ్ళకి పంచే అట్ట డైరీలు. సర్వీసు చివరి ఏళ్ళలో అనుమానం వచ్చి, నీళ్ళ కేసుల్లో ఏ కమిషనర్ ఏ నెలలో వెళ్ళాడో రాసుకుంటూ వచ్చారట. నేను పేజీలు తిప్పాను. జులై, ఆగస్టు, సెప్టెంబరు, జులై, అక్టోబరు. ఏప్రిల్ కోసం వెతికాను. వేలు పెట్టుకుని వెతికాను. కనపడలేదు.

"ఇది నా కంటికి పడినవి మాత్రమే మేడమ్. కట్టలు తీసి చదివితే కదా, ఎన్ని కేసులు ఇట్ల వానలో కొట్టుకుపోయినాయో తెలిసేది. నా చేతిరాత నాకే సరిగా కానరాదు, ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఇంకోమాట. తీర్పైన కట్టలు గడువు తీరినంక చించేస్తారు. నేను చూసిన కట్టల వంతు ఈసారి సెలవులైనంక వస్తాది. అవి పోతే చదివేదానికి ఏమీ ఉండదు."

ఆయన లేచి, గొడుగు తీసుకుని, "ప్రతివాది వారు ఆలోచించి చెప్పవచ్చును," అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆయన తాగకుండా వదిలేసిన కాఫీ నేను తాగాను. చల్లారిపోయింది.

ఇప్పుడు నా ఇబ్బంది వినండి. ఒకసారి వద్దన్న దరఖాస్తుని ఆ ఏడాది మళ్ళీ తీసుకోకూడదన్నది మా ట్రస్టు నియమం. ఆ నియమం రాసింది ఎవరనుకున్నారు? నేనే. వచ్చే ఏడాది దాకా ఆగితే ఆ కట్టలు ఉండవు. బోర్డు ముందు నిలబడి నా రిపోర్టు తప్పని నేనే చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. నిజం చెప్పొద్దూ, రెండు రోజులు సిగ్గుతో చచ్చిపోయాను. వానాకాలం చదువని పిల్లల్ని వెక్కిరించిన నోటితో నా చదువు సంగతి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. మూడో రోజు లా అమ్మాయికి ఫోన్ చేసి, "ఆ రోజు నువ్వు చూపించబోయిన చార్టు ఏంటమ్మా?" అని అడిగాను.

"నెలల చార్టు మేడమ్. మీరు తిన్నాక చూద్దామన్నారు," అంది. ఆ గొంతులో గుంటూరు కారం అంతా ఉంది.

మార్చిలో బోర్డు మీటింగు. నా పేజీ చైర్మన్ గారి చేతిలో ఉంది.

"అమ్మా, ఈ రిపోర్ట్ మీదే కదా? కింద సైన్ కూడా మీదే," అన్నారు.

"నాదే సార్."

"మరి ఇప్పుడు రీఓపెన్ చెయ్యాలంటున్నారు. అప్పుడు రాసింది రాంగా?"

"రాసింది నిజమే సార్. నెల తప్పు."

అందరూ నా వైపు చూశారు. డైరీల సంగతి చెప్పాను, కమిషనర్ రిపోర్టు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరో ఒకాయన డైరీలు, ఒక బావి. దీన్ని డేటా అనరమ్మా. ఒక్క బావిని చూసి స్టడీకి ఫండ్ చేసేస్తామా?"

"ఒక్క బావిని చూసే వద్దన్నాను కదా సార్. అప్పుడు మీరెవరూ డేటా అడగలేదు."

అన్నాక నాకే భయమేసింది. కానీ ఆయన నవ్వారు. "సరే, ఏం కావాలి మీకు?"

"ఒక్క పూట సార్. ఏప్రిల్ మొదటి వారంలో నాతో వచ్చి ఆ బావి చూడండి. అప్పుడు కూడా నిండుగా ఉంటే నా పేజీ నిలబడుతుంది, నేను నోరెత్తను."

ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచీ ఆఫీసులో పిల్లలు నేను కనపడగానే గొడుగులు విప్పేవాళ్ళు. నా కుర్చీకి ఒక రెయిన్‌కోటు తగిలించి పెట్టారు. వెధవల్లారా అని తిట్టాను గానీ, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆఫీసుకి వెళ్ళడం సరదాగా అనిపించింది.

అసలు సంకటం ఆ తర్వాత వచ్చింది. మార్చి ఆఖర్లో ఒక సాయంత్రం బెళ్ళందూరులో ఉరుములు, మెరుపులు, మామిడి వాన. రింగు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. బెంగుళూరంతా హమ్మయ్య అనుకుంటుంటే నేను కిటికీ దగ్గర నిలబడి గుండె పట్టుకున్నాను. అవి మాకు శ్రమదినాలు, ఈస్టరుకి ముందు ఉపవాస ప్రార్థనల రోజులు. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు మంచి వర్షాల కోసం అందరి చేతా ప్రార్థన చేయించారు. అందరూ కళ్ళు మూసుకుని ఆమేన్ అంటుంటే, "ఇయ్యి ప్రభువా, కానీ ఒక్క వారం ఆగి ఇయ్యి, ఆనేకల్ వైపు అసలే వద్దు," అని నేను లోపల గొణుక్కున్నాను. నా జీవితంలో అంత స్వార్థపు ప్రార్థన ఇంకొకటి లేదు. బయటికి రాగానే పూల రైతుకి ఫోన్ చేశాను.

"ఈడ ఒక్క చినుకు కూడా పడలేదు మేడమ్. మీరు రాండి," అంది. హల్లెలూయ అనబోయి ఆపుకున్నాను.

అనుకున్న రోజు పదకొండు గంటలకి వెళ్ళేసరికే ఎండ మాడ్చేస్తోంది. చైర్మన్ గారు టోపీ, బూట్లు, వాటర్ బాటిల్‌తో దిగారు. శిరస్తేదారు గారు ముందే వచ్చి కూర్చున్నారు. మమ్మల్ని చూడగానే ఆయన అన్న మొదటి మాట, "సారూ, మనం బాయి చూసేదానికి వచ్చినాము. ఆయమ్మ కేసు గురించి కోర్టులో ఎవురి దగ్గిరా మనం ఒక్క మాట ఎత్తకూడదు. అది వేరే," అని. చైర్మన్ గారు తల ఊపారు.

కనకాంబరం మళ్ళలో సగం మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి. పూల రైతు బావి గిలక మీది తాడు చైర్మన్ గారి చేతికిచ్చింది. ఆయన బకెట్టు వదిలారు. తాడు వెళ్తూనే ఉంది, వెళ్తూనే ఉంది. ఆఖరికి ఠంగుమని బకెట్టు రాతికి తగిలింది. ఆ చప్పుడు బావి గోడల్లోంచి పైకి వచ్చి మా అందరికీ వినపడింది. డిసెంబరులో నాలుగు మెట్ల కిందే నీళ్ళున్న బావి అది.

చైర్మన్ గారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదని చెప్పాను కదా. "ఇవాళ మేం వస్తామని మీరే మోటార్ వేసి ఖాళీ చేశారేమో. ఎలా తెలుస్తుంది?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం కోప్పడలేదు.

"మంచి మాట అడిగినారు సారు," అంది. "ఇంతసేపూ వాళ్ళ వంతు, ఇప్పుడే వాళ్ళ మోటారు ఆగింది. ఇంక నా వంతు. నా మోటారు ఇంకా వెయ్యనే లేదు, కావాలంటే ముట్టి చూడండి, సల్లగా ఉండాది. సుమ్నే, ఊరికే నా మాట నమ్మొద్దు. కూర్చోండి. రెండు గంటల్లో ఎంత ఊరుతాదో మీరే చూడండి."

కూర్చున్నాం. మోటారు కొట్టం నీడలో చైర్మన్ గారు బూట్లు విప్పి, తాడుకి జానెడుకొక ముడి వేసి, చివర ఒక రాయి కట్టి, ఫోన్‌లో టైమర్ పెట్టారు. పావుగంటకోసారి లేచి తాడు వదిలి, ఎన్ని ముళ్ళు తడిశాయో చూసి రాసుకుంటున్నారు. మొదటి పావుగంట ఒక్క ముడి కూడా తడవలేదు. ఆయనకి పట్టుదల వచ్చేసింది. లా అమ్మాయి పక్కన కూర్చుని గీతలు గీస్తోంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కాదనుకుంటూ, గుణించుకుంటూ, పరీక్ష రాసే పిల్లల్లా అయిపోయారు. నేనూ శిరస్తేదారు గారూ మొహమొహాలు చూసుకున్నాం.

అప్పుడు కంచె అవతల నుంచి మరిది వచ్చాడు. నేను లోపల కొంగు బిగించాను, గొడవేనని. చేతిలో ఇత్తడి చెంబు, గ్లాసులు. అందరికీ మజ్జిగ పోశాడు.

"నేనే సారు ప్రతివాది," అన్నాడు. "మా బోరు ఎండిపోయి పన్నెండేళ్ళయింది. నాకూ బీన్సు మడి ఉండాది. నేను మోటారు వెయ్యకుంటే నా మడి పోతాది, వేస్తే వదిన మడి పోతాది. యాడ ఆపల్ల, ఎంతసేపు వెయ్యల్ల, ఎవురన్నా పెద్దమనిషి ఎండలో వచ్చి చూసి చెప్పింటే ఆపొద్దే వినేవాణ్ణి. కాయితంలో బాయి నిండుగా ఉండాది అని వచ్చినాక నేనెందుకు వింటాను?"

చెప్పి, మిగిలిన మజ్జిగ ఒక గ్లాసులో పోసి, వదిన పక్కన గట్టు మీద పెట్టాడు. ఆమె అటు చూడలేదు. కాసేపటికి గ్లాసు అందుకుని తాగింది. మేమెవరం ఏమీ చూడనట్టు ఊరుకున్నాం.

రెండు గంటలయ్యేసరికి తడిసింది మూడు ముళ్ళు. ఆమె మోటారు వేసింది. రెండు సాళ్ళు తడిశాయి, మూడో సాలు సగంలో ఉండగా మోటారు గాలి పీల్చింది. చైర్మన్ గారు కాసేపు ఆ తడి ఎక్కడ ఆగిందో అక్కడే నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇది చూసి కూడా వద్దని ఎలా రాశారమ్మా మీరు?"

"నేను వచ్చినప్పుడు అనపకాయల కాలం సార్. రెండు ముద్దలు తిని వెళ్ళి రాశాను," అన్నాను.

ముందు పూల రైతు నవ్వింది. తర్వాత శిరస్తేదారు గారు, ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. చైర్మన్ గారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. నాకు నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, ఎండ వల్లేనని చెప్పాను. అక్కడే గట్టు మీద కూర్చుని ఆయన నా పాత పేజీ అడిగి తీసుకుని, నా సంతకం కింద "కొట్టివేయడమైనది, స్టడీకి మంజూరు" అని రాసి సంతకం చేశారు. శిరస్తేదారు గారు ఆ కాయితం అందుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, "రివ్యూ పిటిషన్ అనుమతించడమైనది," అని తన డైరీలో ఆ రోజు పేజీలో రాసుకున్నారు. నెల మీద గుండ్రంగా సున్నా కూడా చుట్టారు. అది ఏప్రిల్.

ఆ తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాను. పైకోర్టు అనుమతి తెచ్చుకుని, చించేసే లోపలే కట్టలు చదవడం మొదలుపెట్టారు. రికార్డు రూముల్లో దుమ్ముకి నలుగురు విద్యార్థులకీ తుమ్ములే తుమ్ములు. అర్థం కాని చేతిరాతలన్నీ ఫొటో తీసి శిరస్తేదారు గారికి పంపితే, ఆయన కుడి కన్ను మూసుకుని చదివి చెప్పేవారు. చివర వచ్చిన పుస్తకం లావుగా ఉంటుంది గానీ అందులో మనిషికి కావలసిన మాట ఒక పేజీయే. నీళ్ళ కేసుల కట్టల మీద ఒక గుర్తు వెయ్యండి, కమిషనర్ సెలవులకి ముందే వెళ్ళి రావాలి, ఏ నెలలో చూశాడో రిపోర్టు మొదటి వరుసలోనే రాయాలి. అంతే. దేశమంతా మారిపోయిందని నేను చెప్పను. కొందరు జడ్జిలు చదివి పక్కన పెట్టారు. కొన్ని తాలూకాల్లో కొందరు, మాకు ఖర్చేముంది, చేసి చూద్దామన్నారు. మా ట్రస్టులో కూడా ఊళ్ళకి వెళ్ళే నెలలు మారాయి. ఏ ఊరైనా రెండు కాలాల్లో చూడకుండా వద్దని రాయకూడదన్నది కొత్త నియమం. అది కూడా నేనే రాశాను.

మరుసటి ఎండాకాలం పూల రైతు మళ్ళీ అర్జీ ఇస్తే, మరిది లాయరు ఈసారి వాయిదా అడగలేదట. మరిదే వద్దన్నాడట. కమిషనర్ మార్చిలోనే వచ్చి చూసి వెళ్ళాడు. దాని మీద ఇద్దరూ కోర్టులోనే రాజీ రాసుకున్నారు. ఎండాకాలంలో వంతు రోజుల లెక్కన కాదు, గంటల లెక్కన. పెద్ద మోటారు ఆ మూడు నెలలూ కట్టేసి ఉంచాలి. ఊట ఊరడానికి రాత్రంతా బావికి సెలవు. ఈ సంగతి నాకు లా అమ్మాయి చెప్పింది. ఆ వారమే నా రిటైర్‌మెంట్. నా సన్మానంలో పిల్లలు శాలువా బదులు గొడుగు ఇచ్చారు.

ఇక ఆఖరి ముక్క. రిటైరయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం. పొద్దున కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నాను. పూల రైతు ఫోన్ చేసింది. అప్పటికి మేడమ్ పోయి అక్కా అయ్యాను.

"అక్కా, మాట్లాడొద్దు. సుమ్నే ఇను," అంది.

ఫోన్ బావి మీద పట్టుకున్నట్టుంది. గిలక కిర్రుమంది. తాడు వెళ్తున్న చప్పుడు. ఠంగుమనే చప్పుడు కోసం చెవి రిక్కించాను. రాలేదు. బుడుంగుమని బకెట్టు మునిగింది.

"ఇన్నావా?"

"విన్నాను," అన్నాను.

"ఇది యా నెల అక్కా?"

"ఏప్రిల్."

"రాసుకో," అంది.

ఇదిగో, రాశాను.